తువ్వాలు కింద

బంగారుపాళెం దాటినాక ఎడమచేతి పక్క
ఇనుప గేటు మీద తుప్పుపట్టిన మామిడికాయ బొమ్మ.
వాచ్‌మన్ రిజిస్టర్లో నా పేరు రాసుకుని
"ఏం పని మీద వచ్చినారు మేడమ్?" అన్నాడు.
లెక్క చూడ్డానికి.
"దుడ్డుదా, కాయలదా?"
జవాబు తోచలేదు. ఆ గడి ఖాళీగా వదిలేశాడు.

మూడు రోజులు, ఫ్యాను గొణిగే గదిలో
పదకొండేళ్ల బ్యాలెన్స్ షీట్లు.
బాయిలర్ వయసు, కోల్డ్ స్టోరేజీ కొలతలు,
గోడవార నీలం డ్రమ్ముల్లో పోయినేటి బెంగుళూరా గుజ్జు:
అమ్ముడుపోతే సరుకు, పోకపోతే సంజాయిషీ.

రాబోయే పది వేసవులను వరుసగా నిలబెట్టాను.
ఒక్కొక్కదాన్నీ ఇవాళ్టి రూపాయిలోకి కుదించాను.
దూరం పోయేకొద్దీ వేసవి చిన్నదవుతుంది,
పదో ఏటి పంట నా అరచేతిలో ఆవగింజ.
పూత మీద కురిసే వానకి రెండు శాతం కోత,
తామర పురుగుకి ఒకటి,
యజమానికి డెబ్బయ్యారేళ్లని ఇంకొకటి.
ఆ చివరి ఒకటి కలిపేటప్పుడు
ఆయన నా ఎదురుగానే కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు.

చెంగల్వరాయ మొదలారి. భుజాన ఎర్ర తువ్వాలు.
"పూనావోళ్ల దగ్గర అంత దుడ్డు ఉండాదా పాపా?"
లేదండీ. పావలా వాళ్లది, ముప్పావలా బ్యాంకుది.
"తాకట్టు ఏం పెడతారు?"
ఈ ఫ్యాక్టరీనే.
"అప్పు తీర్చేది ఎవురు?"
ఈ ఫ్యాక్టరీనే.
మజ్జిగ పొలమారేదాకా నవ్వాడు.
"అట్లయితే పెట్ట పెట్టబోయే గుడ్లు చూపించి
పెట్టనే కొంటా ఉండారు.
ఇన్నేండ్లూ నన్ను నేనే కొనుక్కోవాలని
నాకెందుకు తట్టలేదబ్బా!"

వడ్డీకి సరిపడా మిగలాలంటే
గ్రేడింగ్ షెడ్డులో నలభై మంది వద్దు, పదహారు చాలు.
అది నా షీటులో ఒక గడి.
ఆ షెడ్డులో కన్నెమ్మ ఉంది,
తొడిమ దగ్గర బొటనవేలు ఆనించి "ఆదివారం" అంటుంది,
కాయ ఆదివారమే మాగుతుంది.
గుడ్‌విల్ వరుసలో ఆమె ఉంది.
జీతాల వరుసలోంచి నేనే తీసేశాను.

మూడోనాడు మధ్యాహ్నం కృష్ణగిరి వాళ్లు కూడా దిగారు,
ఎనిమిది శాతం ఎక్కువతో.
అన్నదమ్ముల పిల్లలకు, వాటా ఉన్న ప్రతి ఒక్కరికీ
విడివిడిగా కొరియర్లు.
పూనా నుంచి ఫోను: ఎంతదాకా పోవచ్చు?
బ్యాంకు ఎంతదాకా తట్టుకుంటుంది?
లెక్క కట్టి చెప్పాను. ఆ అంకె తెలిసింది ముగ్గురికే.

సాయంత్రం ఆయన నన్ను మండీకి తీసుకుపోయాడు.
ట్రాక్టర్లు రోడ్డు దాకా. ఎండిన గడ్డి వాసన, పుల్లటి వేడి.
ఇద్దరు మనుషులు, మధ్యన ఒక తువ్వాలు,
కింద వేళ్లు వేళ్లను పట్టుకుంటున్నాయి.
మొహాలు మాత్రం ఆకాశం చూస్తున్నాయి.
"నోటితో చెప్తే ధర పారిపోతాది" అన్నాడు,
తన చేతి మీద ఎర్ర తువ్వాలు పరుచుకుంటూ.
"నువ్వు ఎవురి మనిషివో నాకు తెలుసు పాపా.
బలవంతమేం లేదు.
అమ్మేది ఖాయం. మోసపోవడం ఖాయమా, అదే తెలవాల."

టీ కొట్టు రేడియోలో వార్తలు అయిపోయాయి.
ఒక ట్రాక్టరు వెనక్కి వస్తూ హారన్ కొట్టింది.
నా చెయ్యి లోపలికి పోయింది.
సొన తాగి తాగి బిరుసెక్కిన వేళ్లు.
ఒకటి పట్టుకున్నాను. ఇంకోటి.
మూడోదాని దగ్గర ఆగాను.
ఆయన ఆగలేదు, ఓపిగ్గా చెయ్యి అలాగే ఉంచాడు.

రాత్రి చిత్తూరు లాడ్జిలో రెండుసార్లు సబ్బు పెట్టి కడిగాను.
రిపోర్టు నలభై ఒక్క పేజీలు,
ఎక్కడా ఒక్క తప్పు లేదు.
పదిన్నరకి పూనా: మన పైహద్దు
బయటికి పొక్కలేదు కదా?
నేను ఎవరితోనూ నోరే విప్పలేదు, అన్నాను.
బొటనవేలి పక్కన, సొన అంటినచోట,
సన్నగా మండుతోంది.